నాలుగు మూలల దుప్పటి

ఇజ్మీర్ నగరం దగ్గరి మా ఓడెమిష్‌లో ఆడవాళ్ళు ఒకరింటికి ఒకరు వెళితే ముందు బల్లమీద పరిచిన లేసు గుడ్డను తిరగేసి చూస్తారు. యోగక్షేమాలు ఆ తర్వాత. వెనకవైపు ముడులు కనిపిస్తే పెదవి విరుస్తారు. కనిపించకపోతే "ఎవరి నమూనా?" అని అడుగుతారు. అల్లింది ఎవరని అడగరు, చేతులున్న ప్రతివాళ్ళూ అల్లుతారు. నమూనా ఎవరి బుర్రలోంచి వచ్చిందన్నదే లెక్క. పెళ్ళయి ఈ ఊరొచ్చిన నాటినుంచి ఆ ప్రశ్నకు నేను చెబుతూ వచ్చిన జవాబు ఒకటే. పెరిహాన్‌ది.

పెరిహాన్ అంటే మా వీధి చివర రెండంతస్తుల మేడావిడ. బస్సులో ముందు సీటులో కూర్చున్న పరాయి మనిషి స్వెట్టరు మీది నమూనాను దిగే చోటు వచ్చేలోపు కళ్ళతోనే పట్టేస్తుంది. తన నమూనాను మాత్రం ఎవరూ పట్టకుండా శాలువా కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే తనే పిలిచి ఇస్తుంది, ఇచ్చాక ఊరంతా చెప్పుకొస్తుంది. ఆమె పేరుమీద ఒక నమూనా కూడా ఉంది, పెరిహాన్ గువ్వగూడు అంటారు. అది లేకుండా మా ఊళ్ళో ఏ పెళ్ళికూతురి సారే గడప దాటదు.

అలాంటి మనిషి కొడుకును ప్రేమించింది నా కూతురు నిల్గున్, ఊళ్ళో మగపిల్లలు కరువైనట్టు. కుర్రవాడు మంచివాడే. తల్లిని అడక్కుండా మంచినీళ్ళు తాగడు, అదొక్కటే లోపం. నిశ్చితార్థం రోజున ఉంగరాలు మార్చుకోవడం అయ్యాక పెరిహాన్ నా పక్కన చేరి మోకాలి మీద చెయ్యేసింది.

"సారె గురించి నువ్వేం బెంగపెట్టుకోకు వదినా. అన్నీ మన నమూనాలేగా. మా ఇంట్లో సామాను మా ఇంటికే వచ్చినట్టుంటుంది, నాకు సర్దుకోడం కూడా తేలిక."

నవ్వుతూ అంది. నేనూ నవ్వాను, పళ్ళు నూరుకుంటూ నవ్వడం ఎలాగో అప్పుడే తెలిసింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు, నా మంట అదే. నా కూతురు ఆ మేడ ఎక్కాక ప్రతి తువ్వాలు మీదా, ప్రతి దిండుగలీబు మీదా ఆ ఇల్లాలు వేలుపెట్టి "ఇది నాదే" అనొచ్చు. పిల్ల పుట్టింటినుంచి ఏం తెచ్చుకున్నట్టు? అందుకని ఆ రోజే అనుకున్నాను, పెళ్ళికి ముందు సారె అంతా పరిచి వీధికి చూపించే రోజున పెళ్ళిమంచం మీద వేసే దుప్పటి నాదై ఉండాలని. నూలు కాదు, శ్రమ కాదు, నమూనా నాదై ఉండాలి.

అనుకోవడానికేం, ఎవరైనా అనుకుంటారు. నాకు ఒకరు అల్లింది చూసి అల్లడమే వచ్చు. సూది పట్టుకుని కూర్చుంటే చేతులు వాటంతటవే గువ్వగూళ్ళు కట్టేసేవి. నా తిట్లు వినలేక నిల్గున్ ఇజ్మీర్ వెళ్ళినప్పుడు పాతపుస్తకాల అంగట్లోంచి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఇదేం భాషే, పిచికలు నడిచినట్టుంది."

"జపాను భాషమ్మా. నువ్వు చదవక్కర్లా. గుండ్రంగా ఉంటే గొలుసు కుట్టు, కర్రకి అడ్డగీత ఉంటే పొడుగు కుట్టు. బొమ్మ చూసి అల్లుకోవడమే."

మా ఆయన నెజ్దెత్ పత్రిక దించి చూశాడు. "తుర్కీలో తిట్టేవి చాలట్లేదనా, జపాను కూడా మొదలెడుతున్నావు?"

పుస్తకం నిండా కుట్లే. పేజీకో ముక్క అల్లి ఫోటో తీశారు, పక్కన గీతల బొమ్మ. గవ్వలు, విసనకర్రలు, సాలెగూళ్ళు, అనాసపళ్ళు. వాటితో ఏం చెయ్యాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. దుప్పటి ఎలా, తెర ఎలా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఏమీ లేదు. మొదటిరోజు కోపమొచ్చి దాన్ని బంగాళాదుంపల బుట్టలో పడేశాను. మర్నాడు దుంపలు తీస్తూ ఆలోచిస్తే అర్థమైంది. ఇన్నేళ్ళూ నాకు అందరూ వండిన అన్నం పెట్టారు. ఈ జపానావిడెవరో బియ్యం ఇచ్చి, నీ పొయ్యి నువ్వే వెలిగించుకోమంది. మట్టి దులిపి మళ్ళీ తెరిచాను.

తిప్పుతూ తిప్పుతూ నడిమి పేజీల్లోకి వచ్చేసరికి ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. గువ్వగూడు. అదే గూడు, అదే గూట్లోంచి తొంగిచూసే అదే మూడు కుట్ల ముక్కు. వంటింట్లోంచి అరిచాను, నిల్గున్ చేతిలో పళ్ళాలు అలాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"చూడవే, మీ అత్తగారి సొంత బుర్రలోంచి పుట్టిన నమూనా. జపాను దాకా ఎగిరెళ్ళింది గువ్వ. ఆవిడేమో ఇజ్మీర్ పోవాలన్నా వెంట దిండు పట్టుకుపోతుంది."

నిల్గున్ నవ్వింది, తర్వాత నవ్వు ఆపి పళ్ళాలు కిందపెట్టింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, సారె చూసే రోజు ఈ పేజీ మాత్రం తియ్యకు. నువ్వు ఆవిడ పరువు తీసి హాయిగా కూర్చుంటావు. మర్నాడు పొద్దున లేచి ఆవిడ ఎదురుగా టీ తాగాల్సింది నేను."

అది వదల్లేదు, నా చెయ్యి పట్టుకుని బల్లమీదున్న రొట్టె మీద పెట్టించి ఒట్టు వేయించుకుంది. రొట్టె మీద ఒట్టు తప్పితే ఏమవుతుందో నాకు తెలియదు, మా వంశంలో తప్పి చూసినవాళ్ళు లేరు.

ఇక నా దుప్పటి. నడుమంతా సన్నని వల, దానిచుట్టూ విసనకర్రలు, అంచుకు అనాసలు అని మనసులో వేసుకున్నాను. పొట్లం కాగితాల వెనక గీతలు గీశాను. మనసులో అన్నీ చక్కగా కూర్చున్నాయి, సూదిమీదికి వచ్చేసరికి కొట్టుకున్నాయి. ఒక్కో కుట్టుకు ఒక్కో కొలత. విసనకర్రకు సరిపోయే కుట్లు అనాసకు చాలవు, అనాసకు చాలినన్ని వేస్తే విసనకర్రలు ఒళ్ళు చేసిన ఆడవాళ్ళలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మొదటి ముక్క అంచులు పైకి లేచి గిన్నె అయింది. నెజ్దెత్ దాన్ని నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు.

"నమాజుకి బావుంటుంది. కాస్త బిగుతు, అంతే."

రెండోది అలలు తిరిగి క్యాబేజీ అయింది. దాన్నీ నెత్తిన పెట్టుకోబోతే చెయ్యి విదిలించాను. విప్పాను, అల్లాను, మళ్ళీ విప్పాను. చివరికి రెంటి మధ్యా ఏ వేషమూ లేని సాదా వరస ఒకటి పెట్టి, ఒకచోట ఒక కుట్టు దొంగిలించి, ఇంకోచోట ఒకటి చేర్చి, రెంటికీ రాజీ కుదిర్చాను. ఇద్దరి మధ్య సాదా మనిషి ఒకరుంటే గొడవ ఉండదని తేలింది. మా ఇంట్లో ఆ మనిషి నెజ్దెత్, అది ఒప్పుకుంటాను.

తర్వాత మూలలొచ్చాయి. పుస్తకంలో కుట్లన్నీ తిన్నగా సాగి పేజీ అంచుకు రాగానే ఆగిపోతాయి, పేజీకి బాధలేదు. మంచానికి నాలుగు మూలలున్నాయి. విసనకర్ర తిన్నగా వెళ్ళి మూల దగ్గర ఎటు తిరగాలో తెలియక, సంతలో తప్పిపోయిన పిల్లలా నిలబడిపోతుంది. ఇతరులు ఏం చేశారో చూద్దామని ఊరంతా మూలలు వెతుకుతూ తిరిగాను. పక్కింటివాళ్ళ ఇంట్లో ప్రవక్త పుట్టుక గురించిన మౌలూద్ పద్యం చదువుతుంటే అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు, నేను తివాచీ మూల చూస్తున్నాను. అల్లా మన్నించాలి, ఆ తివాచీ నేసినవాడు మూల దగ్గర పువ్వును సగానికి నరికేశాడు. హమాం స్నానశాల గోడల పలకలూ అంతే, మిఠాయి కొట్లో బక్లావా పళ్ళెమూ అంతే. మూల దగ్గరికొచ్చేసరికి అందరూ దొంగలే.

ఒక ఉదయం నెజ్దెత్ కిటికీ దగ్గర గడ్డం గీసుకోబోతూ తన అద్దాన్ని తెచ్చి తెరిచి ఉన్న నా పుస్తకం మీదే నిలబెట్టాడు. తిడదామని నోరు తెరిచి, తిట్టకుండా అద్దంలోకి వంగాను. అద్దం పేజీ మీద ఏటవాలుగా పడింది. పేజీలో తిన్నగా వస్తున్న విసనకర్రల వరస అద్దంలోకి దూరి చక్కగా పక్కకు తిరిగి వెళుతోంది. తిరిగే చోట సగం విసనకర్ర, దాని నీడ సగం కలిసి తులిప్ మొగ్గ అయ్యాయి.

"కదలకు," అన్నాను.

నెజ్దెత్ ఒక చెంప నిండా నురగతో బిగుసుకుపోయాడు. "ఏమైందే, తేలా?"

"నిన్ను కాదు, అద్దాన్ని."

ఆ వేళ అతను సగం గడ్డంతోనే టీకొట్టుకు వెళ్ళాడు, అద్దం ఇవ్వలేదు మరి. అద్దాన్ని కాస్త జరిపితే మొగ్గ విచ్చుకుంది. ఇంకాస్త జరిపితే పూర్తిగా పూసింది. ఇంకా జరిపితే పువ్వూ కాని పక్షీ కాని ఒకటి ముక్కు పైకెత్తుకుని కూర్చుంది. దానిమీద నాకు ముచ్చటేసింది. మూలకొకటి చొప్పున నాలుగూ వేశాను. అందరూ నాలుగు మూలలూ ఒకేలా వేస్తారని తెలుసు, కావాలనే వెయ్యలేదు. దుప్పటి పూర్తయి మంచం మీద పరిచినప్పుడు అది గిన్నె కాలేదు, క్యాబేజీ కాలేదు, నీళ్ళలా పరుచుకుంది. దానిమీద పడుకుని కాసేపు కప్పు చూశాను. చాలా సంతోషంగా ఉంది. అంత సంతోషం నిల్గున్ పుట్టినప్పుడు కలిగింది, అప్పుడైతే నొప్పులు కూడా ఉన్నాయి.

సారె పరిచే రోజు గదిలో ఈ గోడనుంచి ఆ గోడకు తాళ్ళు కట్టి తువ్వాళ్ళు, దిండుగలీబులు, బల్లగుడ్డలు వేలాడదీశాం. నడుమ మంచం, మంచం మీద నా దుప్పటి. వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. అందరిలో పెద్దది సాదెత్ పెద్దమ్మ గుమ్మంలోనే "మాషల్లా, దిష్టి తగలకుండా" అంటూ కుర్చీ వెతుక్కుంది. చివరికి పెరిహాన్ వచ్చింది, కళ్ళజోడు గొలుసుకు కట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా. తాళ్ళ వెంట నడుస్తూ వేలితో చూపిస్తూ పోయింది.

"ఇది నాదే. ఇదీ నాదే. గువ్వగూడు, కాస్త వదులుగా వచ్చింది వదినా, ఫరవాలేదు, ఉతికితే బిగుస్తుంది."

మంచం దగ్గరికి వచ్చి ఆగింది. దుప్పటి అంచు తిరగేసింది, ముడులు దొరకలేదు. గోటితో గీకింది. గదిలో ఆడవాళ్ళంతా గాజు గ్లాసుల్లో చెంచాలు తిప్పడం మానేశారు.

"ఎవరి నమూనా?"

"నాది," అన్నాను. ఆ మాట అనడానికి నెలల తరబడి తయారయ్యాను, అయినా గొంతు కీచుమంది.

"నీదంటే?"

"నాదంటే నాదే వదినా. ఇంకెలా చెప్పమంటావు?"

పెరిహాన్ అందరివైపూ తిరిగి నవ్వింది. "నెజ్దెత్ అన్నయ్య టీకొట్లో చెప్పాడటగా, జపాను పుస్తకం చదువుతున్నావని. మా ఆయన విని వచ్చాడులే. ఏదీ, ఓసారి తీసుకురా, మేం కూడా చూసి తరిస్తాం."

ఆ క్షణంలో నెజ్దెత్ దొరికితే ఆ గిన్నెను నిజంగానే నెత్తిమీద కుట్టేసేదాన్ని. తీసుకురానంటే భయపడ్డానంటారు. తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మంచం అంచున కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పసాగింది.

"నడుమ వల, ఇదిగో ఇక్కడుంది. విసనకర్ర, ఇదిగో, అచ్చుగుద్దినట్టు. అనాస..." మరో నాలుగు పేజీలు తిప్పింది. "ఇదిగో అనాస. మరి నీదేముందమ్మా ఇందులో? పోగు నీది, సూది నీది. కొట్లో కొని తెచ్చుకున్న పిల్లని నేనే కన్నానంటే ఎలా?"

ఆడవాళ్ళు నవ్వారు. సాదెత్ పెద్దమ్మ కూడా నవ్వింది, ఉన్న ఆ రెండు పళ్ళతోనే. నా చెవులు కాలిపోయాయి. చెయ్యి చాచి ఇంకొన్ని పేజీలు తిప్పితే చాలు, ఆ నవ్వులన్నీ ఎటు తిరుగుతాయో నాకు తెలుసు. తలుపు దగ్గర నిల్గున్ కాఫీ పళ్ళెం పట్టుకుని పాలిపోయి నన్నే చూస్తోంది. ఆ మాట నా నాలుక చివరదాకా వచ్చింది. నా జీవితంలో నేను మింగిన వాటన్నిట్లోకీ పెద్ద ముద్ద అది. మింగాను.

కానీ పెరిహాన్ పేజీలు తిప్పడం ఆపలేదు. ఇంకా ఏమేం దొరుకుతాయోనన్న ఆశ కాబోలు. నడిమి పేజీల్లోకి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఏ పేజీయో చూడక్కర్లేకపోయింది. ఆమె అరచెయ్యి మెల్లగా ఆ బొమ్మ మీదికి వచ్చి దాన్ని కప్పేసింది. తలెత్తి నా మొహంలోకి చూసింది. నాకు ముందే తెలుసని ఆమెకు తెలిసిపోయింది.

ఇలాంటి క్షణం వస్తే గంతులేస్తానని అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఏమీ అనిపించలేదు, ఆమె మొహం చూస్తే జాలేసింది. ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"మా అమ్మ నేర్పింది నాకిది," అంది, నాకు మాత్రమే వినబడేలా. "మా అమ్మ మా గల్లీ దాటి ఎరగదు ముజెయ్యెన్."

వదినా అనలేదు. పేరు పెట్టి పిలిచింది. ఆమె నన్ను అలా పిలిచి ఏళ్ళయింది.

"తెలుసు," అన్నాను. "ఆ జపానావిడ కూడా వాళ్ళ గల్లీ దాటి ఉండదులే."

"ఏం దొరికింది ఇంకా?" అని కుర్చీలోంచి సాదెత్ పెద్దమ్మ అరిచింది.

"ఏం లేదు పెద్దమ్మా," అంటూ పెరిహాన్ పేజీ తిప్పేసింది.

తర్వాత ఆమె చేసిన పని నేను ఊహించలేదు. పుస్తకం మూయకుండా దుప్పటి మూల దగ్గరికి జరిగింది. మొగ్గను చూసింది, పుస్తకం మొదటినుంచి వెతికింది. లేచి మంచం చుట్టూ తిరిగి రెండో మూల దగ్గర కూర్చుంది, మళ్ళీ వెతికింది. నాలుగో మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కెత్తుకున్న ఆ పక్షిని వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయింది. బస్సు దిగేలోపు ఎవరి నమూనా అయినా పట్టేసే మనిషి, పెదవులు కదుపుతూ కుట్లు లెక్కపెట్టి, తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఈ మూలలెక్కడున్నాయి ఇందులో?"

"అందులో లేవు."

"మరెక్కడివి?"

"నెజ్దెత్ గడ్డం గీసుకునే అద్దంలోవి."

ఆడవాళ్ళు మళ్ళీ పగలబడి నవ్వారు. పెరిహాన్ నవ్వలేదు. కళ్ళజోడు తీసి గొలుసుకు వదిలేసి, మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది.

"నవ్వకండి," అంది అందరితో. "ఈ వల పుస్తకానిది, విసనకర్ర పుస్తకానిది. ఆ మాటకొస్తే మనం అల్లేవన్నీ ఎవరో ఒకరి అమ్మలవే, నావి కూడాను. ఈ మూలలు మాత్రం ముజెయ్యెన్‌వి. ఇవి ఇంకెక్కడా లేవు. రేపు మా ఇంటికొచ్చి ఎవరడిగినా నేనిదే చెబుతాను."

నేను నోరు మూసుకున్నందుకు బదులుగా అందో, నిజంగా తోచే అందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు, రెండూ నాకు పనికొస్తాయి. సాదెత్ పెద్దమ్మ "నీ చేతులు చల్లగుండ" అంటూ మూల చూడ్డానికి కుర్చీలోంచి లేవబోయింది, తలో చెయ్యీ వేసి లేపారు. నేను నిల్గున్ చేతిలోంచి పళ్ళెం లాక్కుని, వియ్యపురాలి కాఫీ నేనే పెడతానని వంటింట్లోకి వచ్చేశాను.

వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో తెలియక ఇంకా కోపమొచ్చి ఇంకా ఏడ్చాను. ఈలోగా పొయ్యిమీద కాఫీ పొంగి, నురగంతా పొయ్యిపాలైంది. మళ్ళీ పెడదామంటే డబ్బాలో పొడి లేదు, వచ్చినవాళ్ళందరికీ పోసేశాం. మా వైపు నురగలేని కాఫీ ఇస్తే, నువ్వెందుకొచ్చావని మొహం మీదే అడిగినట్టు. పెరిహాన్ అయితే అలాంటి కప్పు చూసి ఒకసారి మా పక్కింటివాళ్ళ గడప తొక్కడమే మానేసింది.

ఏం చెయ్యను, ఉన్నదే కప్పులో పోసి తీసుకెళ్ళాను. నల్లగా, బోసిగా, బావి నీళ్ళలా ఉంది. పెరిహాన్ కప్పు అందుకుని లోపలికి చూసింది. తర్వాత నా ఎర్రబడ్డ కళ్ళను చూసింది. అడుగు మడ్డిదాకా తాగేసింది.